ఫ్యాన్ లేకుండా దూసుకెళ్లే బోటు.. గొర్రెల ఫారంలో పుట్టి గంగానది ఎక్కింది! బిల్ హామిల్టన్ ఎవరు? ఆయన కథ మన కృష్ణా తీరానికి ఎందుకు కావాలి?

బోటు అనగానే మనకు గుర్తొచ్చేది వెనకాల నీళ్లలో గిర్రున తిరిగే ప్రొపెల్లర్. చూడటానికి అచ్చం ఫ్యాన్ రెక్కల్లాగే ఉంటుంది. అది తిరిగితేనే బోటు కదులుతుంది. దానికి రాయి తగిలినా, వల చుట్టుకున్నా బోటు అక్కడే ఆగిపోతుంది. మరి ఆ ఫ్యాన్ బయట లేకుండానే బోటు నడిస్తే? జానెడు లోతు నీళ్లలో కూడా కారులా పరుగెత్తితే? 70 ఏళ్ల కిందటే ఈ పని చేసి చూపించాడు ఓ రైతు. ఆయన పేరు బిల్ హామిల్టన్. ఊరు న్యూజిలాండ్‌లోని ఓ మారుమూల గడ్డి మైదానం. ఆయన ఎవరు, ఆ బోటు ఎలా తయారైంది, మన నల్గొండ, పాలమూరు జనానికి ఆ కథతో పనేంటి.. వివరంగా చూద్దాం.

ముందు మన కృష్ణ సంగతి

కృష్ణా నది కర్ణాటక దాటి తెలంగాణలోకి వచ్చేది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. జూరాల, బీచుపల్లి, అలంపూర్ ప్రాంతం, సోమశిల.. ఇలా రాళ్లు, గుట్టల మధ్య సాగుతుంది. శ్రీశైలం డ్యామ్ దాటాక నాగార్జునసాగర్‌లో నిలుస్తుంది. ఆ తర్వాత నల్గొండ వైపు వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుంటుంది.

ఈ నది ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో గేట్లు ఎత్తితే ఉరకలు వేస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి చాలాచోట్ల బండలు తేలిపోతాయి. అందుకే జూరాల పైన, కింద తరతరాలుగా జనం నమ్ముకున్నది పుట్టిని. వెదురు తడికతో అల్లిన గుండ్రటి పడవ అది. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి తక్కువ నీళ్లలోనూ పోతుంది, రాయి తగిలినా పెద్దగా నష్టం ఉండదు. కానీ దానికి ఇంజిన్ లేదు. వరద వచ్చిందంటే పుట్టి నడిపే మనిషి చేతిలో ఏమీ ఉండదు.

పోనీ ఇంజిన్ బోటు వేద్దామా అంటే ప్రొపెల్లర్ సమస్య. సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్స్‌నే తీసుకోండి. పైకి చూస్తే సముద్రంలా కనిపిస్తుంది. కానీ ఆ నీళ్ల కింద మునిగిపోయిన ఊళ్ల గోడలు ఉన్నాయి, చెట్ల మొద్దులు ఉన్నాయి. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉండి, నీటిమట్టం తగ్గాక బయటపడుతుంది. అంటే నీళ్లు తగ్గేకొద్దీ బోటు అడుగుకి, కింద ఉన్న రాయికి మధ్య దూరం తగ్గిపోతూ ఉంటుందన్నమాట. దానికితోడు చేపల వలలు. ఒక్క వల చుట్టుకుంటే చాలు, ప్రొపెల్లర్ బిగుసుకుపోతుంది.

సరిగ్గా ఇలాంటి నదుల పక్కనే బతికాడు హామిల్టన్. కాకపోతే ఆయన నది ఇంతే అని ఊరుకోలేదు. బోటునే మార్చేశాడు.

ఇంతకీ ఎవరీ బిల్ హామిల్టన్?

పూర్తి పేరు చార్లెస్ విలియం ఫీల్డెన్ హామిల్టన్. అందరూ బిల్ అనేవాళ్లు. 1899 జులై 26న న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, ఫెయిర్లీ అనే చిన్న ఊరి దగ్గర ఆష్‌విక్ అనే గొర్రెల ఫారంలో పుట్టాడు. అక్కడ ఫారం అంటే మన దగ్గర ఉండే నాలుగైదు ఎకరాల చేను కాదు. వేల ఎకరాల గడ్డి భూములు, వేల సంఖ్యలో గొర్రెలు. క్రైస్ట్‌చర్చ్‌లో చదువుకున్నాడు గానీ, ఇంజినీరింగ్ కాలేజీ మెట్లు ఎక్కలేదు. డిగ్రీ లేదు. యంత్రాల పిచ్చి మాత్రం చిన్నప్పటి నుంచే ఉంది.

1921లో, ఇరవై రెండేళ్లు కూడా నిండకముందే మెకంజీ కంట్రీ అనే ఎత్తైన మెట్ట ప్రాంతంలో సొంతంగా ఓ ఫారం కొన్నాడు. దాని పేరు ఐరిష్‌మన్ క్రీక్. చుట్టూ మంచు కొండలు, మధ్యలో ఎండు గడ్డి. రెండేళ్ల తర్వాత, 1923లో ఇంగ్లండ్ అమ్మాయి పెగ్గీని పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత భర్త జీవితాన్ని పుస్తకంగా రాసింది కూడా ఆమే.

పక్క టౌన్‌కి వెళ్లాలంటే గంటల ప్రయాణం. ఏదైనా పాడైతే బాగుచేసే మెకానిక్ ఉండడు. కరెంటు లేదు. ఇలాంటి చోట రెండే దారులు. ఉన్నదాంతో సర్దుకుపోవడం, లేదా కావాల్సింది మనమే తయారు చేసుకోవడం. హామిల్టన్ రెండోది ఎంచుకున్నాడు.

కరెంటు కోసం డ్యామ్.. డ్యామ్ కోసం మెషీన్

ఇల్లు, వర్క్‌షాప్‌లకు కరెంటు కావాలి. ఫారంలో ఓ వాగు ఉంది. దానికి అడ్డంగా చిన్న కట్ట కట్టి, నీళ్లతో టర్బైన్ తిప్పి కరెంటు తీయాలనుకున్నాడు. కానీ కట్ట పోయాలంటే బోలెడంత మట్టి తవ్వాలి, మోయాలి. గడ్డపారలు, బండ్లతో అయ్యే పని కాదు. ఏం చేశాడంటే.. మట్టి తవ్వి ఎత్తే యంత్రాన్నే సొంతంగా డిజైన్ చేసి తయారు చేసుకున్నాడు.

డ్యామ్ పూర్తయింది, కరెంటు వచ్చింది. అంతటితో ఆగలేదు. ఆ యంత్రంతో బయట మట్టి పనులు కాంట్రాక్టుకు పట్టడం మొదలుపెట్టాడు. గొర్రెల రైతు కాస్తా మెషీన్లు తయారు చేసే మనిషి అయిపోయాడు.

మధ్యలో కార్ రేసుల పిచ్చి కూడా ఉంది. సన్‌బీమ్ కారుతో సముద్రపు ఇసుక తీరాల్లో రేసుల్లో పాల్గొన్నాడు. 1930లో ఇంగ్లండ్ వెళ్లి, అప్పట్లో పేరుమోసిన బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద బెంట్లీ కారు నడిపి గెలిచాడు కూడా. స్పీడ్ అంటే ఆయనకు సరదా మాత్రమే కాదు. ఇంజిన్ నుంచి ఇంకాస్త పని ఎలా రాబట్టాలి అనేది ఆయన ఎప్పుడూ వేసుకునే ప్రశ్న.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఐరిష్‌మన్ క్రీక్ వర్క్‌షాప్‌లో యుద్ధ సామగ్రి విడిభాగాలు తయారయ్యాయి. మెషీన్ పని ఏమాత్రం తెలియని చాలామంది అక్కడే పని నేర్చుకున్నారు. యుద్ధం తర్వాత పని పెరిగిపోవడంతో 1948లో ఫ్యాక్టరీని క్రైస్ట్‌చర్చ్ సిటీకి మార్చాడు. మట్టి తవ్వే మెషీన్లు, మంచు కొండల మీదకు మనుషుల్ని లాక్కెళ్లే తాడు లిఫ్టులు.. ఇలా చాలానే తయారయ్యాయి అక్కడ. కానీ ప్రపంచానికి ఆయన పేరు తెలిసింది మాత్రం ఇవేవీ చేసినందుకు కాదు. యాభై దాటాక మొదలుపెట్టిన ఇంకో పని వల్ల.

ఇంటి ముందే నది.. కానీ బోటు పోదు

మెకంజీ కంట్రీ నదులు మంచు కరిగి వచ్చే నదులు. నీళ్లు చాలా వేగంగా వస్తాయి. కానీ లోతు ఉండదు. ఒక్క పాయగా కాకుండా జడలోని పాయల్లా పది పన్నెండుగా చీలిపోయి, గులకరాళ్ల మీద నుంచి పారుతాయి. నిన్న లోతు ఉన్న చోట ఇవాళ రాళ్ల దిబ్బ ఉంటుంది.

అలాంటి నదిలో మామూలు మోటార్ బోటు దింపితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ప్రొపెల్లర్ బోటు అడుగు కంటే కిందకి వేలాడుతుంది. కిందున్న రాయి మొదట తగిలేది దానికే. రెక్క వంగిపోతుంది, లేదా షాఫ్ట్ విరిగిపోతుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బోటు మాత్రం ప్రవాహంలో కొట్టుకుపోతుంది.

ప్రొపెల్లర్ అనేది సముద్రాల కోసం, లోతైన నదుల కోసం పుట్టింది. లోతు ఉన్నంత కాలం దాన్ని మించింది లేదు. కానీ ప్రపంచంలో చాలా నదులు లోతుగా ఉండవు. వాటి పక్కన బతికే జనానికి రోడ్డు లేకపోతే దిక్కు లేదు. హామిల్టన్‌కు కావాల్సింది ఒక్కటే.. తన నదిలో కిందకే కాదు, పైకి కూడా ఎక్కే బోటు.

నీటిని పీల్చి వెనక్కి చిమ్మి బోటు నడపాలనే ఆలోచన ఆయనది కాదు, నిజానికి చాలా పాతది. 1780లలోనే అమెరికాలో జేమ్స్ రమ్‌సే ఆవిరి ఇంజిన్‌తో నీళ్లు తోడి వెనక్కి చిమ్మే పడవను నడిపి చూపించాడు. హామిల్టన్ కూడా ఈ పద్ధతిని తానే కనిపెట్టానని ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ గౌరవం రెండు వేల ఏళ్ల కిందటి ఆర్కిమెడిస్‌కే దక్కాలని సరదాగా అనేవాడు. కానీ హామిల్టన్ కంటే ముందు చేసినవాళ్ల బోట్లేవీ మామూలు జనం వాడుకునే స్థాయికి రాలేదు. కారణం.. స్పీడ్ లేదు.

కొద్ది అంగుళాల మార్పు.. మొత్తం కథే మారిపోయింది!

1953 ప్రాంతంలో హామిల్టన్ పని మొదలుపెట్టాడు. అప్పటికే అమెరికాలో హాన్లీ హైడ్రోజెట్ అనే యూనిట్ ఉంది. అది బోటు అడుగు నుంచి నీళ్లు పీల్చి, మళ్లీ బోటు అడుగునే, నీళ్ల లోపలే చిమ్ముతుంది. చిమ్మే మూతిని తిప్పితే బోటు తిరుగుతుంది. ఇదే పద్ధతిలో ఆయన 12 అడుగుల ప్లైవుడ్ బోటు ఒకటి తయారు చేశాడు. అందులో చిన్న ఫోర్డ్ కారు ఇంజిన్ పెట్టాడు.

బోటు నడిచింది. కానీ స్పీడ్ గంటకు 11 మైళ్లే. అంటే దాదాపు 18 కిలోమీటర్లు. కొండల మీద నుంచి ఉరికే నదికి ఎదురెళ్లాలంటే ఈ స్పీడ్ ఏ మూలకూ సరిపోదు. ఇంకొకరైతే ఇక్కడే వదిలేసేవాళ్లేమో. పెద్ద ఇంజిన్ పెట్టి చూద్దాం అనుకునేవాళ్లు కూడా ఉంటారు.

హామిల్టన్, ఆయన వర్క్‌షాప్ మనుషులు మాత్రం వేరేగా ఆలోచించారు. నీళ్లు చిమ్మే మూతిని బోటు కింద నుంచి తీసేసి, వెనక చెక్కలోంచి, నీటి మట్టానికి కాస్త పైన బయటకు వచ్చేలా పెట్టారు. ఇప్పుడు నీళ్ల ధార నీళ్లలోకి కాకుండా గాల్లోకి చిమ్ముతోంది.

అంతే. అదే ఇంజిన్, అదే బోటు. స్పీడ్ గంటకు 17 మైళ్లకు పెరిగింది. అంటే 27 కిలోమీటర్లు.

ఎందుకలా? బోటు కింద వేలాడే ప్రతి వస్తువూ నీటిని రాసుకుంటూ వెనక్కి లాగుతుంది. మూతి పైకి వెళ్లగానే ఆ అడ్డంకి పోయింది. ఇంకో లాభం కూడా వచ్చింది. ఇప్పుడు బోటు అడుగున తగలడానికి ఏమీ లేదు. చదునుగా, నున్నగా ఉంది. రాళ్ల మీద నుంచి జారుతూ పోవచ్చు.

ఆ తర్వాత కొన్నేళ్లు పంపునే మారుస్తూ పోయారు. మొదట నీటిని పక్కకు విసిరే సెంట్రిఫ్యూగల్ పంపు వాడారు. తర్వాత నీటిని నేరుగా వెనక్కి నెట్టే పంపుకు మారారు. స్పీడ్ పెరుగుతూ వచ్చింది, యూనిట్ సైజు తగ్గుతూ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1955 డిసెంబర్ 10న మన నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇక్కడ కృష్ణను ఆపే పని మొదలైతే, అక్కడ ఓ రైతు ఆగని నదిని ఎక్కే పనిలో ఉన్నాడన్నమాట.

అర్థం కావాలంటే.. మన బోరు మోటారు చూడండి

జెట్ బోటు ఎలా పనిచేస్తుందో నల్గొండ, పాలమూరు రైతులకు చెప్పడం చాలా ఈజీ. ఎందుకంటే దాని గుండెకాయ లాంటి వస్తువు మన చేన్లలో, బోరు బావుల్లోనే ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటారులో ఇంపెల్లర్లు ఉంటాయి కదా.. స్టేజీలు అంటాం. అవి తిరిగితే నీళ్లు ఒత్తిడితో పైకి వస్తాయి. జెట్ బోటులోనూ అంతే. కాకపోతే నీళ్లు పైకి కాకుండా వెనక్కి పోతాయి.

బోటు అడుగున ఓ రంధ్రం ఉంటుంది. రాళ్లు, చెత్త రాకుండా దానికి ఓ జాలీ ఉంటుంది. మన మోటారుకు ఉన్నట్టే. అక్కడి నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. ఇంజిన్ తిప్పే ఇంపెల్లర్ ఆ నీటిని తోస్తుంది. వెనక సన్నటి మూతిలోంచి నీళ్లు జోరుగా బయటకు చిమ్ముతాయి. బోటు ముందుకు ఉరుకుతుంది.

బోరు ఆన్ చేసినప్పుడు చేతిలో పట్టుకున్న పైపు ఒక్కసారిగా వెనక్కి తన్నడం చాలామందికి అనుభవమే. ఫైర్ ఇంజిన్ పైపును ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుకునేది కూడా అందుకే. ఆ వెనక్కి తన్నే బలమే జెట్ బోటును నడిపిస్తుంది.

మరి తిప్పడం ఎలా? చుక్కానితో పని లేదు. నీళ్లు చిమ్మే మూతిని ఎడమకో కుడికో తిప్పితే చాలు. వెనక్కి రావాలంటే గేరు కూడా మార్చక్కర్లేదు. మూతి వెనకాల ఓ డొప్ప లాంటిది కిందకు దిగుతుంది. చిమ్మే నీళ్లు దానికి తగిలి ముందు వైపుకు మళ్లుతాయి. బోటు ఆగిపోతుంది, ఇంకాస్త ఉంచితే వెనక్కి వస్తుంది. ఫుల్ స్పీడ్‌లో వెళ్తూ ఉన్నచోటే గిర్రున వెనక్కి తిరగడం జెట్ బోట్లకే సాధ్యం. ఈ ఫీట్‌కు హామిల్టన్ పేరే పెట్టారు.. హామిల్టన్ టర్న్.

స్పీడ్ అందుకున్నాక బోటు నీటి మీద తేలిపోతూ వెళ్తుంది. అప్పుడు కొన్ని అంగుళాల నీళ్లు ఉన్నా చాలు. టూరిస్టు స్పాట్లలో మీరు నడిపే జెట్ స్కీ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది.

అమెరికాలో సవాల్.. కొడుకు చేతిలో స్టీరింగ్

బోటు బాగానే ఉంది. కానీ న్యూజిలాండ్‌లో ఓ రైతు చేసిన బోటును ప్రపంచం నమ్మాలి కదా. ఆ అవకాశం 1960లో వచ్చింది. అమెరికాలోని గ్రాండ్ క్యాన్యన్ గురించి వినే ఉంటారు. దాని అడుగున కొలరాడో నది. పడవలు పైనుంచి కిందకు వెళ్లడమే గండం. అలాంటిది కింద నుంచి పైకి వెళ్లడమా? అప్పటికి ఎవ్వరూ చేయలేదు.

హామిల్టన్ జెట్ యూనిట్లు బిగించిన బోట్లతో ఓ టీమ్ బయల్దేరింది. డ్రైవర్లలో ముఖ్యుడు బిల్ కొడుకు జాన్ హామిల్టన్. ముందు కిందకు దిగుతూ నదిని అంతా చూసుకున్నారు. తర్వాత తిరిగి పైకి బయల్దేరారు. ఎదురొచ్చే నీళ్ల మీద, బండల మధ్య, ఒక్కో జలపాతం లాంటి మెట్టు ఎక్కుతూ వెళ్లారు. దారిలో ఓ బోటు మునిగిపోయింది. అయినా మిగతా బోట్లు పైకి చేరాయి. గ్రాండ్ క్యాన్యన్ మొత్తాన్ని నదికి ఎదురుగా ఎక్కిన తొలి బోట్లు అవే. ఆ తర్వాత అలాంటి ప్రయాణాలకు అక్కడ అనుమతి లేకుండా పోయింది.

దాంతో జెట్ బోటు మీద అనుమానాలు తీరిపోయాయి. న్యూజిలాండ్ కొండ నదుల్లో సర్వే చేసేవాళ్లు, వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు, రెస్క్యూ టీమ్‌లు దీన్ని వాడటం మొదలుపెట్టారు. క్వీన్స్‌టౌన్ లాంటి చోట్ల ఇరుకు లోయల్లో టూరిస్టులను తిప్పే జెట్ బోట్లు ఇవాళ ఆ దేశానికే బ్రాండ్.

మన గంగ మీద కూడా!

హామిల్టన్ బోటుకు మన దేశంతోనూ సంబంధం ఉంది. 1977లో ఎవరెస్ట్ తొలిసారి ఎక్కిన సర్ ఎడ్మండ్ హిల్లరీ ఓ వింత యాత్ర పెట్టుకున్నారు. బంగాళాఖాతం నుంచి గంగానదికి ఎదురుగా హిమాలయాల దాకా బోట్లలో వెళ్లాలి. దానికి పెట్టిన పేరుకు అర్థం.. సముద్రం నుంచి ఆకాశానికి.

ఆగస్టులో, వానాకాలం వరద మీద ఉన్నప్పుడే బయల్దేరారు. మూడు జెట్ బోట్లు. వాటిలో ఒకదాని పేరు గంగ, ఇంకోటి కివీ, మూడోది ఎయిర్ ఇండియా. టీమ్‌లో హిల్లరీ కొడుకు పీటర్ ఉన్నాడు, భారతీయ సభ్యులూ ఉన్నారు. బోట్లు నడిపినవాళ్లలో జాన్ హామిల్టన్, ఆయన కొడుకు మైకేల్ ఉన్నారు. అంటే బిల్ కొడుకు, మనవడు. వారణాసి లాంటి ఘాట్ల దగ్గర జనం వేలల్లో వచ్చి ఒడ్డున నిలబడి చూశారు. మైదానం దాటి కొండల్లోకి వెళ్లాక అసలు పరీక్ష మొదలైంది. చివరికి నందప్రయాగ దగ్గర ఓ జలపాతం అడ్డొచ్చింది. ఇక బోటు ఎక్కలేదు. అక్కడి నుంచి కాలినడకన వెళ్లారు.

సముద్రం నుంచి అక్కడి దాకా 2,000 కిలోమీటర్లకు పైనే. లోతైన సముద్రపు ముఖద్వారం నుంచి రాళ్ల కొండ వాగు దాకా.. ఒకే రకం బోటుతో. ప్రొపెల్లర్ బోటుతో ఆ చివరి భాగం ఊహించలేం.

అప్పటికే బిల్‌ను 1974లో బ్రిటిష్ రాణి సర్ బిరుదుతో గౌరవించారు. గంగ యాత్ర ముగిసిన కొద్ది నెలలకే, 1978 మార్చి 30న క్రైస్ట్‌చర్చ్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 78. ఆయన పెట్టిన కంపెనీ ఇప్పటికీ అదే సిటీలో వాటర్ జెట్‌లు తయారు చేస్తోంది. ప్రపంచమంతా పెట్రోలింగ్ బోట్లు, రెస్క్యూ బోట్లు, ఫెర్రీలలో వాటర్ జెట్‌లు వాడుతున్నారు.

అయితే అన్ని బోట్లూ మార్చేయాలా?

ఇక్కడే చాలామంది పొరపడతారు. కొత్తది కాబట్టి అన్నిచోట్లా బెస్ట్ అనుకుంటారు. జెట్ బోటుకు మైనస్‌లు కూడా ఉన్నాయి.

మొదటిది డీజిల్. స్పీడ్‌గా వెళ్లే బోటుకు జెట్ బాగుంటుంది. కానీ ఎక్కువ మందిని ఎక్కించుకుని నిదానంగా వెళ్లే లాంచీకి ప్రొపెల్లరే లాభం. ఒకే దూరానికి జెట్ ఎక్కువ తాగుతుంది. కాబట్టి సాగర్‌లో నాగార్జునకొండకు వెళ్లే లాంచీకో, సోమశిల నుంచి శ్రీశైలం వెళ్లే టూరిస్టు లాంచీకో జెట్ పెట్టడం డబ్బు దండగే. అక్కడ లోతు ఉంది, తొందర లేదు.

రెండోది చెత్త. రాయి దెబ్బ తప్పుతుంది గానీ, గుర్రపు డెక్క, నాచు, ప్లాస్టిక్ కవర్లు జాలీకి అడ్డుపడితే నీళ్లు రావు. నీళ్లు రాకపోతే స్పీడ్ లేదు. ఇసుక ఎక్కువగా పీలిస్తే ఇంపెల్లర్ అరిగిపోతుంది. బోరులో ఇసుక వస్తే మోటారుకు ఏమవుతుందో మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. జెట్ బోటును తిప్పేది చిమ్మే నీళ్లే. భయపడి ఒక్కసారిగా ఇంజిన్ తగ్గించేస్తే బోటు తిరగదు. ఉన్న వేగంతో నేరుగా పోతుంది. ప్రొపెల్లర్ బోటుకు అలవాటు పడినవాళ్లు మొదట చేసే తప్పు ఇదే. రాయి కనిపించగానే స్లో చేస్తారు, సరిగ్గా ఆ రాయికే వెళ్లి తగులుతారు. అందుకే బోటు మారిస్తే సరిపోదు, నడిపే మనిషికి ట్రైనింగ్ కావాలి.

మరి ఎక్కడ పనికొస్తుంది?

2009 అక్టోబర్ వరదలు పాలమూరు జనం ఇంకా మర్చిపోలేదు. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగాయి. అలంపూర్ నీట మునిగింది. అలాంటి రోజున నీళ్లు ఎలా ఉంటాయి? ఒకచోట రెండు తాటిచెట్ల లోతు. ఇంకోచోట మోకాలి లోతు. కింద ఫెన్సింగ్ తీగలు, కరెంటు స్తంభాలు, మునిగిన గోడలు. వరదలో సాయానికి వచ్చే బోట్లలో చాలావరకు వెనకాల మోటారు బిగించిన రబ్బరు బోట్లే. ఓ తీగ చుట్టుకుంటే మోటారు పైకి ఎత్తి, దాన్ని విడదీసి మళ్లీ బయల్దేరాలి. ఆ పది నిమిషాలు ఇంటి కప్పు మీద కూర్చున్న కుటుంబానికి చాలా పెద్ద సమయం.

ఇంకో సంగతి. నీళ్లలో ఉన్న మనిషి దగ్గరకు ప్రొపెల్లర్ బోటు వెళ్లాలంటే భయం. తిరిగే రెక్క తగిలితే కాళ్లు తెగిపోతాయి. అందుకే దగ్గరకు రాగానే ఇంజిన్ ఆపేయాలి. ప్రవాహంలో ఇంజిన్ ఆపితే బోటు కొట్టుకుపోతుంది. జెట్ బోటులో తిరిగేదంతా లోపలే ఉంటుంది. తాళ్లు, బట్టలు జాలీ దగ్గరకు రాకుండా చూసుకోవాలి గానీ, బయట కోసే రెక్క మాత్రం ఉండదు.

అంటే లెక్క ఇలా ఉంటుంది. లోతైన నిలవ నీళ్లలో జనాన్ని మోయడానికి ప్రొపెల్లర్. ఎండాకాలం బండల మధ్య ఒడ్డు నుంచి ఒడ్డుకు పుట్టి. వరదలో, రాళ్ల మీద, తొందరగా మనిషిని కాపాడాల్సిన చోట జెట్. ఒకదాని పని ఇంకోటి చేయదు. ఏ బోటు ఎక్కినా లైఫ్ జాకెట్ వేసుకోవడం, పరిమితికి మించి ఎక్కకపోవడం మాత్రం ఎక్కడా మారదు.

హామిల్టన్ కథలో మనం పట్టుకోవాల్సింది ఇదే. ఆయన పెద్ద సిటీలో, పెద్ద ల్యాబ్‌లో కూర్చుని కనిపెట్టలేదు. వేరే దేశపు లోతైన నదుల కోసం చేసిన బోటును తెచ్చి తన నదిలో వేసి, పాడైతే నదిని తిట్టుకుంటూ కూర్చోలేదు. తన ఊరి నది ఎలా ఉందో చూసి, దానికి తగ్గట్టు బోటు చేశాడు. అదీ ఒక్క రోజులో కాదు. మొదటి బోటు స్పీడ్ 11 మైళ్లే. మూతి ఎక్కడ పెట్టాలో తెలిశాక 17 మైళ్లయింది. ఆ తర్వాత ఏడేళ్లకు గ్రాండ్ క్యాన్యన్, 24 ఏళ్లకు గంగ.

కృష్ణ కూడా ఒక్క నది కాదు. జూరాల దగ్గర ఒకలా, సోమశిల దగ్గర ఇంకోలా, సాగర్‌లో మరోలా ఉంటుంది. అక్కడి నీళ్ల సంగతి బాగా తెలిసినవాళ్లు పుట్టి నడిపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, లాంచీ సరంగులు. రేపు వరద బోట్లు కొనేటప్పుడు ముందు వాళ్లను అడిగితే ఎక్కడ ఏది పనికొస్తుందో వాళ్లే చెప్తారు. ఏ బోటు కొన్నా వానాకాలం రాకముందే ఆ నీళ్లలోనే నడిపి చూడాలి, నడిపేవాళ్లకు ట్రైనింగ్ ఇవ్వాలి. గేట్లు ఎత్తాక నేర్చుకునే టైమ్ ఉండదు.